తోడులేని ఓడలు – తీరగ్రామములకు 1942 నేర్పిన పాఠము
(నెల్లూరు తీరప్రాంత పంచాయతీ సభ్యుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



కృష్ణపట్నము రేవునకు వచ్చిపోవు సరుకు ఓడలు మీకు కొత్త కావు. రెండవ ప్రపంచయుద్ధకాలమున మన బంగాళాఖాతములో ఇట్టి ఓడలకు ఏమి సంభవించినదో తీరవాసులమైన మనము తెలిసికొనవలెను.

1942 ఫిబ్రవరిలో సింగపూరు, మార్చిలో రంగూను, అండమాను దీవులు జపానువారి వశమయ్యెను. అప్పుడు కలకత్తా రేవు ఓడలతో క్రిక్కిరిసి యుండెను. అచ్చట విమానదాడి జరుగునను భయముతో అధికారులు ఓడలను బయటకు పంపివేసిరి. కాని వానివెంట కావలి నౌకలు లేవు. సరుకు ఓడ బరువు మోయునదేగాని పోరాడునది కాదు.

ఏప్రిల్ మొదటి వారమున అడ్మిరల్ ఒజావా నౌకాదళము ఆ ఓడలపై పడెను. కొలది దినములలో సుమారు ఇరువది సరుకు ఓడలు మునిగిపోయినవి. వానిలో దార్దనస్ అను ఓడ విమానపు బాంబులవలన కదలలేని స్థితికి వచ్చెను. గందారా అను మరియొక సరుకు ఓడ దానిని విడిచిపోక, మోకు కట్టి లాగుటకు పూనుకొనెను. బరువు లాగు ఓడకు వేగము తగ్గును. శత్రువునకు సులభముగా చిక్కును. మొగామి, మికుమా అను యుద్ధనౌకలు ఆ రెంటిని ముంచివేసినవి. ఇతర ఓడల నావికులు కొందరు పడవలలో ఒరిస్సా తీరమునకు చేరి ప్రాణములు దక్కించుకొనిరి. ఆ యుద్ధములో సముద్రమున అసువులు బాసిన అవిభక్త భారతదేశపు నావికులు ఆరువేలకు పైగా బొంబాయి, చిట్టగాంగు స్మారకములలో స్మరింపబడుచున్నారు.

ఏప్రిల్ 6న విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు పడెను. చెన్నపట్టణమున జపానువారు దిగుచున్నారను వదంతి వ్యాపించి, వేలకొలది జనులు ఇండ్లు విడిచి పోయిరి. జపాను సైన్యము మన తీరమున దిగనే లేదు. నిజమైన వార్త సకాలమున అందనిచోట వదంతియే ఏలుబడి చేయును.

యుద్ధము నిర్మాణమును కూడ ఆపివేసెను. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాదుగారు విశాఖలో ఓడల కర్మాగారమునకు శంకుస్థాపన చేసిరి. అచ్చట నిర్మించిన తొలి ఓడ "జల ఉష"ను 1948 మార్చి 14న నెహ్రూగారు నీట దించిరి. అది స్వతంత్ర భారతమునకు శుభోదయము.

సభ్యులారా, నేడు శత్రునౌకల భయము లేకపోవచ్చును. తుపానుల భయము మాత్రము కలదు. 2004 డిసెంబరు 26న సునామీ ముందు మాట లేకయే మన తీరముపై పడినది. 2007 నుండి హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రము పనిచేయుచున్నది. అయినను హైదరాబాదునుండి వచ్చిన హెచ్చరికను కట్టకడపటి గుడిసెకు చేర్చవలసినది గ్రామమే.

కావున ప్రతి పంచాయతీయు వేటకు పోవు పడవల పట్టిక ఉంచవలెను; ఎవరు బయలుదేరిరో, ఎవరు తిరిగి రాలేదో వ్రాయవలెను. దండోరా వేయువారు, మైకు పట్టువారు ఎవరో ముందే నిర్ణయింపవలెను. వృద్ధులను, గర్భిణులను ఆశ్రయమునకు చేర్చు బాధ్యతను పేరుపేరున పంచుకొనవలెను. వదంతి విన్నవెంటనే మండల కార్యాలయమును విచారించి, నిజము ప్రకటింపవలెను.

నాడు ఆ ఓడలకు తోడు కరవయ్యెను. మన తీరమున ఏ పడవయు, ఏ కుటుంబమును తోడులేక మిగులకుండ చూచుట మీ చేతిలోని పని.

జైహింద్!