బంతి చప్పుడు, లోలకపు లెక్క
(పాఠశాల విజ్ఞాన సంఘమున ప్రధానోపాధ్యాయులు చేసిన ఉపన్యాసము)



లోలకమను పేరు విని భయపడవలదు. మీ అమ్మమ్మల చెవులకు వ్రేలాడు లోలాకులు, చింతకొమ్మకు కట్టిన ఉయ్యాల, గోడగడియారపు గుండు, ఇవన్నియు లోలకములే. నేడు దానిని బంతితో పోల్చుదము. ఇందుకు కన్నులకంటె చెవులే మేలు.

ఒక రబ్బరు బంతిని మీటరు ఎత్తునుండి సిమెంటు నేలపై విడిచి కన్నులు మూసికొనుడు. చప్పుళ్లు రానురాను దగ్గరపడును. మొదటిమారు 64 సెంటీమీటర్లు లేచు బంతియైనచో, రెండవమారు సుమారు 41, మూడవమారు 26 మాత్రమే లేచును. గాలిలో నుండు కాలమును 0.72 సెకండు, 0.58, 0.46, ఇట్లు తగ్గుచుండును. పోయిన శక్తి యేమైనది? బంతి నేలను తాకి నొక్కుకొని విచ్చుకొనునపుడు చాలవరకు వేడిగాను, కొంత మీరు విన్న చప్పుడుగాను మారినది.

ఇక మీటరు పొడవు లోలకము నొకదానిని కట్టి, కొద్దిగా లాగి విడువుడు. గాలి తాకిడికి దాని ఊపును క్రమముగా తగ్గును. అయినను 20 డోలనములకు ఎప్పుడు లెక్కించినను రమారమి 40 సెకండ్లే. తక్కువ దూరము పోవునది త్వరగా రావలదా? రాదు. ఊపు తగ్గినకొలది గుండును మధ్యకు లాగు బలమును అదే పాలున తగ్గును. ఈ గుణమును గమనించినవాడు గెలీలియో. దానిని పట్టుకొని 1656లో గడియారమును రూపొందించినవాడు హైగెన్సు.

ఇచ్చట మా తప్పొకటి చెప్పవలసియున్నది. కొన్నేండ్ల క్రిందట ఒక పిల్లవాడు ఈ ప్రయోగము చేసి, 42 సెకండ్లు దాటినవని వ్రాసెను. మేము ఎఱ్ఱసిరాతో దానిని కొట్టివేసి 40 వేయించితిమి. "బాగా దూరము లాగితినండీ" అని వాడు మెల్లగా అనుచునే యుండెను. ఆ సాయంకాలము మనసు నిలువక, మేమే 60 డిగ్రీల వరకు లాగి విడిచి లెక్కించితిమి. 42 దాటినవి! అంత పెద్ద ఊపున దూరము పెరిగినంతగా బలము పెరుగదు. డోలనకాలము నూటికి 7 వంతులు హెచ్చును. హైగెన్సునకు ఈ సంగతి తెలియును. కనుకనే లోలకము వ్రేలాడు చోట ఇరువైపుల వంపురేకులు అమర్చెను. తెలియనిది మాకే.

మరునాడు ఆ నోటుబుక్కు తెప్పించి, వాని అంకెను తిరిగి వ్రాసి, ప్రక్కన సంతకము చేసితిమి.

గంట కొట్టుటకు ఇంకను పది నిమిషములున్నవి. దారము, గుండు బల్లమీద నున్నవి. మొదటి వరుసవారు రండు. ఎంత కోణము లాగితిరో అదియు వ్రాయుడు.