వంతెన లోపల చూచు రాడార్
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కుండ కొనువారు వ్రేలితో కొట్టి చూతురు. ధాన్యము కొను వర్తకుడు బస్తాకు మొనగల గొట్టము గ్రుచ్చి, నడిమి గింజలు తీసి చూచును. కంటికి కనబడని దానిని తెలిసికొనుటకు మన మెరిగిన మార్గములివి. అమెరికాలో కాంక్రీటు వంతెనలను పరీక్షించువారును ఇదే చేయుదురు. పైన ఇనుప గొలుసు ఈడ్చి, డొల్ల చప్పుడు వచ్చిన చోట గుర్తు పెట్టుదురు. ఇందుకై రాకపోకలు నిలుపవలెను. పైన తారు పొర యున్నచో చప్పుడును సరిగా తెలియదు.

శీతల ప్రాంతములలో మంచు కరుగుటకై రోడ్లపై ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పునీరు కాంక్రీటులోనికి దిగి ఇనుప కడ్డీలకు త్రుప్పు పట్టించును. త్రుప్పు పట్టిన ఇనుము ఉబ్బును. కాంక్రీటు పొరలుగా విడిపోవును. పైకి మాత్రము నున్నగానే యుండును. దాని మీదనే లారీలు, బడి పిల్లల బస్సులు పోవుచుండును.

1990 దశకములో కాలిఫోర్నియాలోని లారెన్స్ లివర్మోర్ ప్రయోగశాలవారు అక్కడి కేంద్ర రహదారుల శాఖకొరకు 'హెర్మెస్' అను యంత్రము నిర్మించిరి. వాహనము వెనుక లాగు బండిలో 64 చిన్న రాడార్లను వరుసగా అమర్చిరి. దారిన పోవుచునే సుమారు రెండు మీటర్ల వెడల్పున లోపలి చిత్రము తీయుట దాని యుద్దేశము.

రేడియో తరంగము ఒక పొరనుండి మరియొక పొరలోనికి పోవునపుడు కొంత వెనుకకు మరలును. ఇనుము తగిలినచో దాదాపు అంతయు మరలును. సెకనులో నూరు కోట్లవ వంతు కాలమున గాలిలో 30 సెంటీమీటర్లు పోవు తరంగము, కాంక్రీటులో సుమారు 10 సెంటీమీటర్లే పోవును. అనగా 5 సెంటీమీటర్ల లోతున నున్న కడ్డీని తాకి అంతలోనే తిరిగి వచ్చును. అంతటి స్వల్ప కాలమును కొలువవలెను! పైగా కడ్డీ యున్న చోటికి చేరకముందును, దాటిన పిదపను రాడార్ దానిని ఏటవాలుగా చూచుచునే యుండును. అందుచే అడ్డముగా నున్న ప్రతి కడ్డీయు చిత్రములో విల్లువలె వంగి కనబడును. కంప్యూటరు ఆ వంపులను ముడిచి, కడ్డీని దాని చోట నిలుపును.

వేగముగా చూచినచో సూక్ష్మములు తప్పిపోవా? తప్పిపోవును. అందుకే ఆ ప్రయోగశాలవారే 'పెరెస్' అను రెండవ యంత్రమును చేసిరి. అది మెల్లగా నడచుచు కొద్ది స్థలమునే శ్రద్ధగా చూచును. అయినను పొడిగా నున్న సన్నని చీలిక రాడారునకు చిక్కకపోవచ్చును. ఉప్పు, తేమ చేరిన చోట మరలి వచ్చు తరంగము బలహీనపడును. దానినిబట్టి చెరుపును ఊహింతురు. కాని నిన్నటి వాన తడియు అట్లే కనబడవచ్చును గదా! కావున అక్కడక్కడ గొట్టపు బరమాతో ముక్క తీసి చూడక తప్పదు. మన బస్తా గొట్టమే యిది!

వర్తకుని లెక్కలో ఈ యంత్రపు లాభము పొడవవలసిన రంధ్రములు తగ్గుటలో కలదు. అవి లేకుండ పోవుటలో లేదు. రంగుల పటము చూపి వంతెన బాగున్నదని యెవరైన చెప్పినచో, ఎన్ని చోట్ల ముక్క తీసి సరిచూచితిరని నేను మొదట అడుగుదును. ఇంజనీరింగు చదువుచున్న మన పిల్లలు కొందరు ఈ సభలోనే యున్నారు. తరంగము లెక్క వారు నాకంటె బాగుగ చెప్పగలరు. సందేహములున్నచో వారినే అడుగుడు.