మూసీ పుట్టిన గుట్టల్లో మా చిప్స్ ప్యాకెట్

ఈరోజు గొంతు కొంచెం బొంగురుగా ఉంది, ఏమనుకోకండి. రోజంతా వానలో తడిసి, మధ్యలో ఫ్రెండ్స్‌తో గట్టిగా గొడవపడి వచ్చా. ఈ ఎపిసోడ్ ఆ గొడవ గురించే.

మొన్న ఆగస్టు 15 సెలవు కదా, మేం ఐదుగురం అనంతగిరి పోయాం. అరకు దగ్గరి అనంతగిరి కాదు, మన వికారాబాద్‌ది. లింగంపల్లిలో పొద్దున్నే రైలెక్కి, వికారాబాద్‌లో దిగి, స్టేషన్ బయట టీ తాగి ఆటో మాట్లాడుకున్నాం. పైన అనంత పద్మనాభ స్వామి గుడి. అక్కడ దండం పెట్టుకుని అడవి బాట పట్టాం. వానాకాలంలో ఆ గుట్టలు చూడాలండీ! ఎర్రమట్టి, తడిసిన చెట్ల వాసన, ఆకులమీద టపటపా చినుకులు. కాసేపటికి సిగ్నల్ పోయింది. ఐదుగురం ఫోన్లు జేబులో పెట్టేసి ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకుంటూ మాట్లాడుకున్నాం. మా బ్యాచ్‌లో అదే పెద్ద విశేషం.

బాట ఒకచోట చిన్న నీటిపాయను దాటుతుంది. పాదాలు మునిగేన్ని నీళ్లు, అంతే. మావాడొకడు చెప్పులు చేత్తో పట్టుకుని దిగాడు. వాడి కాలికి బెత్తెడు దూరంలో పగిలిన బీరు సీసా. అప్పుడు చూశాం సరిగ్గా. రాళ్ల సందుల్లో చిప్స్ ప్యాకెట్లు, గుట్కా కవర్లు, పేపర్ కప్పులు, ఎవరిదో బర్త్‌డే కేక్ డబ్బా కూడా. అంత లోపలికి కేకు మోసుకొచ్చిన ఓపిక, ఖాళీ డబ్బా తీసుకెళ్లడానికి లేకపోయింది.

ఛీ ఛీ అని తిట్టుకుంటూనే అక్కడే కూర్చొని తిన్నాం. తిన్నాక మా వాళ్లలోనే ఒకడు ఖాళీ ప్యాకెట్‌ని ఉండచుట్టి రెండు రాళ్ల మధ్య కుక్కాడు. విసరలేదు, జాగ్రత్తగా కుక్కాడు!

"ఏందిరా అది?" అన్నా.

"ఆల్రెడీ ఇన్ని ఉన్నాయి కదా మామా, నాదొక్కటి ఎక్కువైతదా?"

నాకు మండింది. అరిచేశా. చదువుకున్నావ్, సిగ్గులేదా, అదీ ఇదీ. వాడూ తగ్గలేదు, "నువ్వేమన్నా ఫారెస్ట్ ఆఫీసర్‌వా?" అన్నాడు. అంతలో ఇంకొకడు నెమ్మదిగా అడిగాడు: "సరే గానీ, ఇందాక గుడి దాటాక మొహం తుడుచుకున్నావ్ కదా, ఆ వెట్ వైప్ ఏడ పడేసినవ్ రా?"

నోరు పడిపోయింది నాకు. పొదలో వేశా. నిజం చెప్తున్నా, అది కాగితం లాంటిదే కదా, మట్టిలో కలిసిపోతుందనుకున్నా. చాలా వెట్ వైప్స్‌లో ఉండేవి పాలిస్టర్ లాంటి ప్లాస్టిక్ పోగులని తర్వాత చదివి తెలుసుకున్నా. పేపర్ కప్పుదీ అదే కథ. లోపల పల్చటి ప్లాస్టిక్ పూత ఉంటుంది, అందుకే టీ కారిపోదు.

ఇంకో విషయం. మేం కూర్చున్నది మామూలు గుట్టమీద కాదు. చాదర్‌ఘాట్ బ్రిడ్జి మీద మనం ముక్కు మూసుకుని దాటే మూసీ ఉంది చూశారా, అది పుట్టేది ఈ అనంతగిరి గుట్టల్లోనే. ఇలాంటి పిల్లపాయలే కలిసి నది అవుతాయి. 1908లో ఆ నది హైదరాబాద్‌ని ముంచేసింది. ఆ తర్వాత దానిమీద కట్టిందే ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట. 1920లో పూర్తయింది. గండిపేట నీళ్లు తాగి పెరిగిన ఊరు మనది. నది సిటీలోకి వచ్చాక పాడైందని తిడతాం. పుట్టినచోట, ఇంకా పాదం కూడా సరిగ్గా మునగని వయసులో, దాని నోట్లో మేం ప్యాకెట్లు కుక్కుతున్నాం.

సరే, గొడవ ఆగింది. ఎవరూ సారీ చెప్పలేదు. ప్యాకెట్ కుక్కినవాడే లేచి దాన్ని తీశాడు, పక్కదీ తీశాడు. నేను వెనక్కెళ్లి నా వెట్ వైప్ వెతికా. దొరికింది. ఆ పాయ చుట్టూ ఉన్నవి మాత్రం ఏరాం, రెండు పెద్ద కవర్లు నిండాయి. అడవంతా శుభ్రం చేశామని బిల్డప్ ఏం ఇవ్వను.

పైకొచ్చాక చెత్తడబ్బా ఉంది, కానీ పొంగిపోతోంది. దానిమీద కోతులు. ఒకటి ప్యాకెట్ లాగి, నాకి, కిందికి విసిరేసింది. మేం డబ్బాలో వేసినా మళ్లీ లోయలోకే. అందుకని రెండు కవర్లూ రైల్లో హైదరాబాద్ తెచ్చాం. కంపు! ఎదురుసీటు ఆంటీ లేచి వేరేచోట కూర్చుంది.

తెల్లారి మా గల్లీకొచ్చే చెత్త ఆటో అన్నకు ఇచ్చా. ఆయన కవర్ తెరిచి నీళ్ల సీసాలు తీసి ఒక పక్కన పెట్టుకున్నాడు. చిప్స్ ప్యాకెట్లు చూసి, "ఇవెవ్వలు కొనరు తమ్మీ" అన్నాడు. అప్పుడు లైటు వెలిగింది నాకు. గుడి దగ్గర ఖాళీ సీసాలు తక్కువ, ప్యాకెట్లు ఎక్కువ ఎందుకున్నాయో! సీసాకి కిలో లెక్కన డబ్బులొస్తాయి, ఎవరో ఒకరు ఏరుకుంటారు. చిప్స్ ప్యాకెట్ అంటే ప్లాస్టిక్ పొరలు, మధ్యలో అల్యూమినియం పూత. విడదీయడం కష్టం, కాబట్టి ఏరేవాడు లేడు. 2022 జూలై 1 నుంచి స్ట్రాలు, ప్లాస్టిక్ ప్లేట్లు, స్పూన్లు నిషేధించారు కదా, ఆ లిస్టులో ఈ ప్యాకెట్లు లేవు. అంటే మనం వదిలేస్తే అది అక్కడే ఉంటుంది, అంతే.

దసరా సెలవులకి మళ్లీ పోతున్నాం. మా వాట్సాప్ గ్రూప్‌లో నిన్న రాత్రి మొదటి మెసేజ్ ఆ ప్యాకెట్‌గాడిదే: "అమ్మ సర్వపిండి చేస్తానంది, స్టీల్ డబ్బాలో తెస్తా. సంచి నువ్వు తేరా, ఫారెస్ట్ ఆఫీసర్."

ఉంటా మరి. మీ బ్యాచ్‌లో ప్యాకెట్‌గాడు ఎవరో, వెట్ వైప్‌గాడు ఎవరో కింద రాయండి. బై!