కూలి దినానికీ కూలి దినానికీ నడుమ

మేము ఎనిమిదో తరగతి వరకే చదివినాము. మాటలో తప్పుంటే మన్నించండి.

నేతగాని చేతిలో దుడ్డు నిలవదని ఊరంతా అంటుంది. అది సగం నిజము. ఆఫీసు ఉద్యోగికి ఒకటో తేదీన జీతం. మన కాంచీపురంలో పట్టుచీర మగ్గం దిగితేనే కూలి. పది పదిహేను దినాలు పడుతుంది, జరీ రాకపోతే ఇంకా ఆలస్యం. పాలవాడు, అంగడివాడు చీర దిగేదాకా ఆగరు కదా. అందుకే కూలి చేతికి రాకముందే అది బాకీలకు పంచి అయిపోయి ఉంటుంది.

మిగతా సగం కూడా చెప్పాల. దీపావళి బోనసు కవరు తీసుకునేటప్పుడు అందరి ముఖాలూ వెలుగుతాయి. మూడు దినాల్లో గుడ్డలు, టపాకాయలు, కొందరికి మందు అంగడి. ఆ వెనకే వానలు. వీధిలో పడుగు చాచలేము, మగ్గం గుంతలో నీళ్ళు ఊరతాయి, కూలి నిలిచిపోతుంది. మేమూ అట్లా చేసినవాళ్ళమే. పెళ్ళైన కొత్తలో బోనసు దుడ్డుతో టేప్ రికార్డరు కొన్నాము. ఇరవై దినాలకు మా ఇంటామె కమ్మలు కుదువ అంగడికి పోయినాయి. ఇంట్లో పాట పాడుతా ఉంటే ఆమె చెవులకు వేపపుల్లలు పెట్టుకొని వంట చేసింది. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

తమిళనాడు నేత సంగాల్లో 1975 నుంచి పొదుపు పథకం ఉంది. రూపాయి కూలికి మన వంతు 8 పైసలు, సర్కారు వంతు 8 పైసలు. వెయ్యికి 80 పట్టుకుంటే ఖాతాలో 160 చేరుతుంది. అయినా, "ఎందుకు పట్టుకుంటావు మామా?" అని మాతో గొడవపడనివాళ్ళు లేరు.

ఇప్పుడు మా సంగంలో ఇంకొక మాట ఎత్తినాము. బోనసు రెండు కవర్లుగా ఇద్దాము, ఒకటి దీపావళికి, ఒకటి వానలు పట్టినాక. మగవాళ్ళు అరిచినారు. "మా దుడ్డు మీరు దాచేదేంది?" అన్నారు. న్యాయమైన మాటే. అందుకని ఇష్టమైనవాళ్ళకు మాత్రమే అని మార్చినాము.

మరుదినం సంగం తలుపు తీసేలోపలే ఏడుగురు ఆడవాళ్ళు మెట్ల మీద కూర్చొని ఉన్నారు. "రెండో కవరు మీద మగవాని పేరు వద్దు, మా పేరు రాయండి" అన్నారు. సభ్యత్వం మగవాళ్ళ పేరున ఉంది, నిబంధన చూడాల అని చెప్పి పంపినాము. వచ్చే మహాసభలో ఆ కాగితమే ముందు పెడుతున్నాము.