గడువు గోడమీద కనబడాలి



మేము ఉద్యోగ జీవితమంతా ప్రభుత్వ కార్యాలయాలలో గుమాస్తాగా గడిపాము. తపాలు రిజిస్టరు, పర్సనల్ రిజిస్టరు, కాల్ బుక్ మా చేతి పనిముట్లు. కాగితాన్ని పోగొట్టకుండా దాచడం మాకు తెలుసుననుకున్నాము. ఆ నమ్మకమే ఒక సోదరి ఇంటిని పోగొట్టింది. ఆ సంగతి దాచుకోకుండా మీ ముందుంచడానికే నేడు నిలబడ్డాము.

ఆమె వితంతువు. ఇంటి స్థలం తగాదాలో మున్సిఫ్ కోర్టు తీర్పు ఆమెకు వ్యతిరేకంగా వచ్చింది. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం జిల్లాలోని పై కోర్టులో అప్పీలుకు గడువు 30 రోజులు. హైకోర్టుకైతే 90 రోజులు. తీర్పు నకలు సిద్ధం కావడానికి పట్టే కాలాన్ని ఈ గడువులోనుండి మినహాయిస్తారు. మేము నకలు కోసం దరఖాస్తు చేసేనాటికే 20 రోజులు ఖర్చయ్యాయి. మిగిలినవి 10. నకలు సిద్ధమైన రోజునుండి ఆ పది రోజులూ మళ్లీ నడవసాగాయి. మేము మాత్రం నకలు చేతికి తీసుకున్న రోజునుండి లెక్కపెట్టాము. ఆ రెండు తేదీల మధ్య మూడు వారాలు గడిచిపోయాయి. రిజిస్టరులో "నకలు రావలసి ఉన్నది" అని వ్రాసి పుస్తకం మూసివేశాము. సిద్ధమైనదా అని అడిగి రావలసిన మనిషెవరో అందులో వ్రాయలేదు.

ఆలస్యాన్ని మన్నించమని వకీలుగారు పిటిషను వేశారు. ఏడాదికి పైగా నడిచి, ఖర్చులు చెల్లించాలన్న షరతుతో అది మంజూరయింది. అయితే ఆ పిటిషను తేలి, అప్పీలును విచారణకు స్వీకరించేవరకు డిక్రీ అమలుపై స్టే ఇవ్వరాదని సివిల్ ప్రొసీజరు కోడు చెబుతున్నది. ఈలోగా కోర్టు అమీనా వచ్చి స్వాధీనం ఇప్పించాడు. అప్పీలు బ్రతికింది, ఆమె ఇల్లు నిలవలేదు. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అదే మాకు ఎక్కువ బాధ.

అప్పటినుండి మా పద్ధతి మార్చుకున్నాము. ప్రతి కేసుకూ ఒక దారిపటం గీస్తున్నాము. ఒక్కొక్క దశకు ఒక్కొక్క గడి. గడినుండి గడికి బాణం. బాణం మీద రోజుల సంఖ్య. గడి కింద బాధ్యుని పేరు. "వచ్చిందా, రాలేదా" అనే ప్రశ్న ఉన్నచోట దారి రెండుగా చీలుతుంది. రిజిస్టరు జరిగిపోయినదానిని చూపుతుంది. ఈ పటం జరగవలసినదానిని చూపుతుంది.

ఖబరస్తాన్ కొలతల కాగితాలకు సమాచార హక్కు దరఖాస్తు పెట్టామనుకోండి. మొదటి గడి దరఖాస్తు. బాణం మీద 30 రోజులు. జవాబు రాకపోయినా, వచ్చినది తృప్తికరంగా లేకపోయినా మొదటి అప్పీలుకు మరి 30 రోజులు. దానిపై నిర్ణయానికి 30 రోజులు, కారణం వ్రాసి 45 వరకు. ఆ తర్వాత సమాచార కమిషనుకు రెండవ అప్పీలు, 90 రోజులు. చదువు తక్కువైన వారు కూడా వేలు పెట్టి "మనం ఇక్కడున్నాము" అని చూపగలుగుతున్నారు.

పెద్ద వకీళ్ల కార్యాలయాలలో ఈ పని కంప్యూటరు చేస్తుంది. దానిని డాకెట్ సాఫ్ట్‌వేర్ అంటారు. సమన్లు అందిన తేదీ ఎక్కిస్తే, సివిల్ దావాలో జవాబు దాఖలుకు 30వ రోజును, కోర్టు అనుమతితో గరిష్ఠంగా 90వ రోజును అదే లెక్కగడుతుంది. పటంలోని గడి దూరంగా ఉన్నప్పుడు పచ్చగా, దగ్గరపడితే పసుపుగా, దాటితే ఎర్రగా కనబడుతుంది. మా కమిటీ యువకులు సాధారణ కంప్యూటరు పట్టికలోనే ఈ రంగులు అమర్చారు.

కానీ సాఫ్ట్‌వేరును గుడ్డిగా నమ్మరాదు. బాణం మీద తప్పు సంఖ్య ఎక్కిస్తే ఒక కేసు కాదు, ఆ రకం కేసులన్నీ తప్పుతాయి. అందుచేత మూడు నియమాలు పెట్టుకున్నాము. రోజుల సంఖ్యను వకీలు ధ్రువపరచాలి. తేదీని ఒకరు ఎక్కిస్తే మరొకరు అసలు కాగితంతో సరిచూడాలి. చివరి రోజుకు వారం ముందే మన గడువు ముగిసినట్టు భావించాలి. ఆఖరి రోజు కోర్టుకు సెలవైతే తెరిచిన రోజు దాఖలు చేయవచ్చునని చట్టం అంటుంది. ఆ వెసులుబాటును లెక్కలో కలుపుకోరాదు.

వాయిదా తేదీలను ఈ-కోర్ట్స్ యాప్‌లో పదహారక్షరాల సి.ఎన్.ఆర్. నంబరుతో ఎవరైనా చూసుకోవచ్చు. వకీలుకు ఇచ్చుకోలేని సోదరీమణులకు, ఆదాయంతో నిమిత్తం లేకుండా, జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచిత సహాయం ఇస్తుంది. 1987 నాటి చట్టం ఇచ్చిన హక్కు అది.

మీ ఇంటికి కోర్టు కాగితం ఏది వచ్చినా, అందిన తేదీని ఆ క్షణమే దానిమీద వ్రాయండి. కవరు పారవేయవద్దు. ప్రతి మొహల్లాలో ఇద్దరు యువకులను ఈ పటాల పనికి ఇవ్వండి. మా చేతిలో జరిగిన నష్టం మరొక ఇంటికి జరగకుండా చూడడమే మేము ఆ సోదరికి చెల్లించగల బాకీ.

అస్సలాము అలైకుమ్.