పుస్తకం ఎవరి చేతిలో ఉంది?

(కొత్తగూడలో మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మా నాన్న పోయిన పదో రోజున మా అమ్మ గాజులు పగలగొట్టారు. ఎందుకని అడిగితే పెద్దలు ‘శాస్త్రంలో ఉంది’ అన్నారు. ఏ శాస్త్రంలో ఉందో ఎవరూ చూపలేదు. చూపించినా మేం ఒప్పుకోవాలా? ఈ ప్రశ్న గురించే నాలుగు మాటలు చెబుతాను.

వితంతు వివాహాల కోసం బెంగాల్‌లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పోరాడారు. ఆయన ఆధారం పరాశర స్మృతి. మన కందుకూరి వీరేశలింగం కూడా శాస్త్రం చూపించే పండితులతో వాదించారు. భర్త జాడ తెలియకపోయినా, చనిపోయినా, సన్యసించినా, నపుంసకుడైనా, పతితుడైనా స్త్రీ మరో భర్తను పొందవచ్చని ఆ స్మృతిలో ఉంది. ఇంత స్పష్టంగా ఉన్నాక తగువేముంది అనుకుంటాం. కానీ, అక్కడ ‘పతి’ అంటే తాళి కట్టినవాడు కాదు, పెళ్ళి నిశ్చయమైనవాడు మాత్రమేనని ఛాందస పండితులు అన్నారు. పైగా ఆ వెంటనే వచ్చే శ్లోకాలు బ్రహ్మచర్యం పాటించే వితంతువుకూ, సహగమనం చేసే భార్యకూ స్వర్గం ఇస్తామంటాయి. పుస్తకం ఒక్కటే. ఎవరికి కావలసిన శ్లోకం వాళ్ళు తీసుకున్నారు. ఆ వాదనలో వితంతువును మాత్రం ఎవరూ అడగలేదు.

1856లో చట్టం వచ్చింది. రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. వెలిని ఎదుర్కొని నిలిచిన ఆయనకు నమస్కారం. అయినా అడుగుతాను: పరాశరుడు ఆ ఒక్క శ్లోకం రాయకపోయి ఉంటే, ఆ పిల్లలకు బతికే హక్కు లేనట్టేనా?

ఇక్కడి కోయ అక్కలకు ఈ స్మృతులతో పని లేదు. మారుమనువు మీలో తప్పు కాదు. పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజును మేడారం తీసుకుపోవడానికి ఏ గ్రంథమూ చదవనక్కర లేదు. కానీ పుస్తకం లేనిచోట కూడా అదే మాట వేరే రూపంలో వస్తుంది: ‘ఆడపిల్లకు భూమి ఇవ్వడం మన ఆచారంలో లేదు.’ 1956 హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. అందుకే ఆచారం పేరు చెప్పి మిమ్మల్ని ఆపడం తేలిక. 2025 జులైలో ఒక గోండు కుటుంబం కేసులో సుప్రీంకోర్టు ఆ దారి మూసింది. ఆడవాళ్ళకు వాటా లేదనే ఆచారం రుజువు కానప్పుడు, వాటా ఇవ్వకపోవడం సమానత్వ హక్కుకు విరుద్ధమని చెప్పింది.

అందుకని, ‘శాస్త్రంలో ఉంది’, ‘ఆచారంలో లేదు’ అని ఎవరన్నా అంటే తల వంచకండి. ఎవరు చదివారు, ఎవరి కోసం చదివారు, నష్టం ఎవరికి అని అడగండి. మా అమ్మ ఆ రోజు అడగలేకపోయింది. మనం అడుగుదాం.