పంపు అలవాటైపోతుందని భయపెట్టింది మేమే

(సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం సభ్యులు చదివిన ప్రసంగం)

పొదుపులు, వాయిదాల లెక్కలు ఇందాకే విన్నారు. మేము మాత్రం ఒక తప్పు ఒప్పుకోడానికి లేచాం.

మా సంఘంలో ఒక చెల్లెలి కొడుక్కి అప్పుడు ఏడేళ్లు. ఉబ్బసం. డాక్టరు గారు రెండు పంపులు రాశారు. మీటింగులో ఆ మాట చెప్తే మేమంతా ఒక్కటే అన్నాం, "చిన్నపిల్లాడికి పంపేంటమ్మా, అలవాటు పడితే జన్మంతా వదలదు" అని. దగ్గు తగ్గగానే ఆమె రోజూ కొట్టే పంపు మానేసింది. మిరప కోతల రోజుల్లో ఒక రాత్రి పిల్లాడికి ఊపిరి అందలేదు. డొక్కలు లోపలికి పోతున్నాయి, నోట మాట రావట్లేదు. 108 టైముకి వచ్చింది కాబట్టి దక్కాడు. ఆసుపత్రి ఖర్చుకి సంఘం అప్పు ఇచ్చింది. అప్పు ఇచ్చినట్టు తీర్మానం రాసుకున్నాం గానీ, దానికి మా నోళ్లే కారణమని రాసుకోలేదు.

ఆ తర్వాత నర్సమ్మని, ఆశా కార్యకర్తని కూర్చోబెట్టుకుని అడిగి తెలుసుకున్నాం. ఉబ్బసంలో ఊపిరి గొట్టాలు లోపల వాచి ఇరుకవుతాయి. ఒక పంపు ఆయాసం వచ్చినప్పుడు కొట్టేది, నిమిషాల్లో గొట్టాలు తెరుస్తుంది. రెండోది వాపు తగ్గించేది. అది మెల్లగా పనిచేస్తుంది, పిల్లాడు బాగున్న రోజు కూడా కొట్టాలి. అప్పు అవసరం లేని నెలలో కూడా మనం పొదుపు కడతాం కదా, అలాగన్నమాట. అది మత్తుమందు కాదు, అలవాటు పడదు. తగ్గించాలన్నా, మానాలన్నా డాక్టరే చెప్పాలి. రాత్రిపూట కంగారులో పంపులు తారుమారు కాకుండా మా చెల్లెలు రోజువారీ పంపుకి బొట్టుబిళ్ల అంటించింది. అది కొట్టాక నోరు పుక్కిలించి ఉమ్మించాలి.

పంపు తిన్నగా నోట్లో కొడితే మందు చాలావరకు గొంతులోనే అంటుకుపోతుంది. అందుకే మధ్యలో స్పేసర్ అనే గొట్టం పెడతారు. కొనలేనివాళ్లు దిగులు పడక్కర్లేదు. అరలీటరు నీళ్ల సీసా అడుగున పంపు మూతి బిగుతుగా పట్టేలా రంధ్రం చేసి, చుట్టూ సందు లేకుండా మూసి వాడొచ్చు. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ డాక్టర్లు పరీక్షించి, కొన్నదానితో సమానంగా పనిచేసిందని 1999లో ప్రకటించారు. చేశాక ఒకసారి నర్సమ్మకి చూపించండి.

పిల్లాణ్ణి కూర్చోబెట్టాలి, పడుకోబెట్టకూడదు. పంపు ఊపి ఒక్కసారే నొక్కాలి. స్పేసర్ నోట్లోంచి తియ్యకుండా అయిదారు సార్లు నిదానంగా ఊపిరి పీల్చనివ్వాలి. అర నిమిషం ఆగి, మళ్లీ ఊపి రెండోది. రెండూ ఒకేసారి నొక్కితే మందు వృథా. ఎన్నిసార్లు కొట్టాలో డాక్టరు చేత కాగితం మీద రాయించి గోడకి అంటించండి.

ఇంట్లో కట్టెల పొగ, దోమల చుట్ట, అగరబత్తి, మగవాళ్ల బీడీ, ఇవన్నీ శత్రువులే. బీడీ బయట కాల్చమని చెప్పడం మందు కొనడం కంటే కష్టమైందని మా అనుభవం. దుప్పట్లు దులిపేటప్పుడు, మిరపకాయలు తొడిమలు తీసేటప్పుడు పిల్లాడు అక్కడ ఉండకూడదు.

మృగశిర నాడు హైదరాబాదు వెళ్లి చేపమందు వేయించుకొచ్చినవాళ్లు మాలోనూ ఉన్నారు. వాళ్లని మేమేం అనం. వెళ్లినా సరే, పంపు మాత్రం మానొద్దు.

మాట పూర్తిగా చెప్పలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా, మగతగా పడిపోతున్నా, పంపు కొట్టినా ఆయాసం తగ్గకపోయినా తెల్లారేదాకా చూడొద్దు. వెంటనే 108కి ఫోన్ చెయ్యండి. బండి వచ్చేలోపు కాగితం మీద రాసినట్టు పంపు కొడుతూనే ఉండండి.

స్పేసర్‌కి, పంపులకి సంఘం నిధి నుంచి వడ్డీ లేకుండా ఇవ్వాలని మేము తీర్మానం చేసుకున్నాం. మీ సంఘాల్లో కూడా పెట్టమని అడుగుతున్నాం. మా చెల్లెలు వెనక వరసలో కూర్చుంది, సీసా స్పేసర్ కూడా తెచ్చింది. భోజనాల దగ్గర అడిగితే చూపిస్తుంది.